బత్తాయి పాదుల్లో ఎండాకాలం

మొన్న మే నెలలో మా పెద్దమ్మ పెద్దకర్మకి ఊరెళ్లాను. మార్కాపురంలో బస్సు దిగి ఆటోలో లోపలికి పోవాలి, గుండ్లకమ్మ ఏటికి దగ్గర. వాకిట్లో షామియానా వేసి, వచ్చినవాళ్ల కోసం రెండు కూలర్లు పెట్టారు. అందులో ఒకటి పాత రకం, పక్కలకి గడ్డి తడకలు ఉండేది. దాంట్లో నీళ్లు పోసి స్విచ్చి వేయగానే ఒక వాసన వచ్చింది. పక్కన ఎవరో పెద్దమ్మ చివరి రోజుల గురించి చెబుతున్నారు గానీ నా చెవికి ఎక్కలేదు. అది తడి గోనెపట్ట వాసన. మా జేజి, అంటే నాయనమ్మ, ఎండాకాలం కిటికీకి కట్టే గోనెపట్ట అలాగే వాసన వచ్చేది.

ఆ కూలరు కింద కారిన నీళ్లలో మా అన్న మనవడు చేతులు ఆడిస్తూ కూర్చున్నాడు. వాళ్లమ్మ చూసి వీపు మీద ఒక్కటి వేసింది. "ట్యాంకరు ఎంతకి తెప్పించామో తెలుసా నీకు? ఒళ్లంతా బురద!" అంది. వాడు ఏడవలేదు. కాస్త పక్కకి జరిగి మళ్లీ అక్కడే కూర్చున్నాడు. ఆ పిల్ల కోపంలో తప్పేం లేదు, కార్యానికి ట్యాంకర్లు కొని తెచ్చుకున్న ఇల్లు అది. వాడి తప్పూ లేదు. ఆ ఎండలో ఐదేళ్ల పిల్లవాడికి నీళ్లు కనపడితే ఇంకేం చేస్తాడు?

మా చిన్నప్పుడు ఇంతకంటే కరువు. కొనుక్కుందామన్నా ట్యాంకరు లేని రోజులు. అయినా మేము రోజూ తడిసేవాళ్లం, తడిసినందుకు దెబ్బలు తిన్న గుర్తు మాత్రం లేదు. అదెలా కుదిరిందా అని తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను.

* * *

మా నాయన పుట్టినప్పుడు మా ఊరు కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం ఇటు వచ్చింది. 1972లో ఆ జిల్లాకి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. నేను పుట్టింది ఆ తర్వాతే. "జిల్లా మారింది గానీ బావిలో ఊట మారలా" అనేది జేజి.

మార్కాపురం పలకలు మీలో చాలామంది రాసుకునే ఉంటారు. ఆ పలకరాయే మా ఇళ్లకి అరుగు, వాకిలి, గోడ అన్నీ. బడిపలకకి పనికిరాని ముక్కలతో వాకిలంతా పరిచేవాళ్లు. మధ్యాహ్నం దాని మీద కాలు పెడితే బొబ్బలెక్కాల్సిందే. దొడ్లో వేపచెట్టు నీడ నుంచి వంటింటి గడప దాకా ఒక్క పరుగు తీసేవాళ్లం.

జేజి చేతిలో నీళ్లు ఒక్కసారితో అయిపోయేవి కావు. బియ్యం కడిగినవి కుడితి తొట్లోకి పోయేవి. కూరగాయలు కడిగినవి కరివేపాకు చెట్టుకి, అంట్లు తోమినవి అరటి పిలకలకి. మొహాలు కడుక్కునేది బంతి మొక్కల దగ్గర. ఇక పిల్లకాయలకి నీళ్లు పోసే చోటు రోజుకొకటి. పొద్దున్నే దొడ్డంతా ఒకసారి తిరిగి చూసొచ్చేది. "ఇయ్యాల మునగచెట్టు వాడింది, ఆడికి పదండి" అనేది. చెట్టు మొదట్లో మమ్మల్ని ముగ్గుర్ని దగ్గర దగ్గరగా నిలబెట్టి పై నుంచి చెంబుతో పోసేది. పొడుగు పిల్ల మధ్యలో, పొట్టివాళ్లు పక్కన. ఆ పిల్ల నెత్తిన పోసిన నీళ్లు పక్కవాళ్ల భుజాల మీదుగా దిగాలి. ఎవరు దూరం జరిగితే వాళ్లకి చెంబు తగ్గేది.

మధ్యాహ్నం వంతు రాతి తొట్టిది. బర్రెలు నీళ్లు తాగే తొట్టి, వేపచెట్టు కింద ఉండేది. పొద్దున నింపితే బర్రెలు సాయంత్రం ఇంటికొచ్చాక తాగాలి. మధ్యలో ఆ నీళ్లు ఊరికే ఉంటాయి కాబట్టి అంతసేపూ అవి మావి. రెండే షరతులు. సబ్బు పెట్టకూడదు, తొట్లో ఒంటేలు పోయకూడదు. పోస్తే బర్రెలకి తెలిసిపోతుందని, పాలు ఎగబెడతాయని జేజి బెదిరించేది. ఎంత నిజమో తెలియదు గానీ, మా తమ్ముడు ఆ భయానికి తొట్లోంచి లేచి పరిగెత్తిన రోజులు ఉన్నాయి. బర్రెలు సాయంత్రం వచ్చి ఏ పట్టింపూ లేకుండా తాగేసేవి. ఎద్దులు మాత్రం మూతి పెట్టి వాసన చూసి తల తిప్పుకునేవి. ఒంగోలు జాతి కదా, వాటి పౌరుషం వాటిది. వాటికి వేరే బకెట్టు.

భోజనాలయ్యాక తాతయ్య పాత పంచెని తడిపి, గట్టిగా పిండి, మంచం మీద పడుకున్న మా మీద కప్పేది జేజి. పిండిన నీళ్లు కూడా కింద పోనిచ్చేది కాదు, కిటికీకి కట్టిన గోనెపట్ట మీదికి చిలకరించేది. ఒకటిన్నర చెంబు నీళ్లతో ముగ్గురు పిల్లలు నాలుగింటి దాకా నిద్రపోయేవాళ్లం. తర్వాత ఎప్పుడో హైస్కూల్లో సైన్సు అయ్యవారు చెప్పారు, నీరు ఆవిరయ్యేటప్పుడు ఒంట్లో వేడిని పట్టుకుపోతుందని, మట్టికుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇందుకేనని. ఒళ్లు చల్లబడటానికి బిందెడు నీళ్లు అక్కర్లేదు, తడి బట్ట మీదికి గాలి తగిలితే చాలు.

కానీ ఇది అన్నిచోట్లా సాగదు. పెళ్లయ్యాక ఒక ఎండాకాలం నెల్లూరులో మా ఆడబిడ్డ ఇంట్లో ఉన్నాం. నేను పెద్ద తెలివిగా పిల్లల మీద తడి పంచె కప్పాను. అరగంటకి వాళ్లు ఉడికిపోయి లేచారు. సముద్రం దగ్గరి గాలిలో తేమ ఎక్కువ, బట్ట ఆరదు, ఆరకపోతే చల్లబడదు. "వదినా, ఇది మీ మార్కాపురం వడగాలి కాదు, ఇక్కడ ఉక్క" అని నవ్వింది ఆమె. అక్కడ పిల్లలకి సాయంత్రాలు మైపాడు సముద్రమే దిక్కు. మా పడమటి వాళ్లకి సముద్రం లేదు, పొడి గాలి ఉంది. దాన్నే వాడుకున్నాం.

ఇదేదో చిన్నప్పటి ముచ్చట అని తీసేయకండి. 2015 మే నెలలో వడగాలులకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు, మన ప్రకాశం జిల్లా ఆ లెక్కలో పై వరసలోనే ఉంది. పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే త్వరగా వేడెక్కుతుంది, పైగా దాహమవుతోందని ఆటలో పడి చెప్పరు కూడా. జేజికి ఈ లెక్కలేవీ తెలియవు. పదకొండు దాటాక పిల్లకాయ మెడ వెనక చెయ్యి పెట్టి చూసేది. కాలుతుంటే ముందు మజ్జిగ, తర్వాత తొట్టి.

* * *

కరువు ముదిరిన ఏడు ఊళ్లో చాటింపు వేసేవాళ్లు. సాయంత్రం డప్పు మోగితే అందరూ వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్లు. మంచినీళ్ల బావి దగ్గర బట్టలు ఉతకరాదు. గొడ్లని తోలరాదు. పిల్లకాయలు ఈదరాదు. బోరింగు పొద్దున, సాయంత్రం మాత్రమే కొట్టాలి, ఇంటికి ఇన్ని బిందెలే. మిగతా సమయమంతా బోరింగు చేతికి గొలుసు వేసి తాళం పెట్టేవాళ్లు. తాళంచెవి ఒక పెద్దాయన మొలతాడుకి ఉండేది. ఆయన నిద్రలో అటు తిరిగినా చెవి చప్పుడు వినపడుతుందని మేం చెప్పుకునేవాళ్లం.

బోరింగు చప్పుడు మీకు గుర్తుందా? మొదట ఉత్త కిర్రుకిర్రు, తర్వాత లోపల గొంతు సవరించుకున్నట్టు ఒక గురక, అప్పుడు గానీ నీళ్లు వచ్చేవి కావు. తెల్లవారుజామున పడుకునే ఆ చప్పుడు విని అమ్మ "ఇంకా గురక రాలా, పడుకో" అనేది. వరసలో మనుషులు నిలబడక్కర్లేదు, బిందెలు నిలబడేవి. బిందె కూడా లేనివాళ్లు రాయి పెట్టేవాళ్లు. ఆ రాయిని ఎవరైనా కాలితో జరిపారో, ఆ రోజు ఊరికి వేరే వినోదం అక్కర్లేదు.

ఒక మాట ఇక్కడ చెప్పే తీరాలి. బిందెలు మోసింది ఆడపిల్లలం. బోరింగు కింద మడుగులో, మోటారు కింద, చెలమల్లో ఎక్కువకాలం ఆడింది మగపిల్లలు. నాకు పన్నెండో ఏడు రాగానే బయట తడవడం మానిపించారు. చంకన బిందె మాత్రం దింపలేదు. బిందె ఒలికి పరికిణీ తడిస్తే అదే నాకు నీళ్లాట. దారిలో కావాలని కాస్త ఒలికించుకునేవాళ్లం కూడా, ఇంటికెళ్లి "బిందె నిండలేదు" అని చెప్పేవాళ్లం. అమ్మ ఏమీ అనేది కాదు. ఆమె కూడా ఒకప్పుడు బిందెలు మోసిన పిల్లే కదా.

* * *

మా మేనమామ వాళ్లకి బత్తాయి తోట. పెద్ద బావి, దాని మీద మోటారు. కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. వచ్చినా ఎండాకాలంలో అరగంట తోలితే బావి అడుగంటేది, మళ్లీ ఊట ఊరేదాకా ఆగాలి. అందుకే తోటలో బల్బు ఒకటి ఎప్పుడూ స్విచ్చి వేసే ఉంచేవాళ్లు. బల్బు వెలిగిందంటే మామ చేతిలో అన్నం ముద్ద ఉన్నా వదిలేసి లేచేవాడు. మేము ఆయన కంటే ముందే కాలవ దగ్గర ఉండేవాళ్లం.

పైపులోంచి ముందు గాలి వచ్చేది, దగ్గి దగ్గి, తర్వాత ఒక్కసారిగా నీళ్లు. మేం పైపు కింద తల పెడతామని మొదట్లో మామ కేకలేసేవాడు. తల పెడితే నీళ్లు చుట్టుపక్కల చిమ్మి నేలపాలవుతాయి. మమ్మల్ని తరిమితే చుట్టరికానికి బాగుండదు, అక్క పిల్లలం మరి. ఆలోచించి ఒక ఒప్పందానికి వచ్చాడు. తలా ఒక పాదు.

బత్తాయి చెట్టు చుట్టూ గుండ్రంగా గట్టు వేసి పాదు చేస్తారు. మా మామ రెండు గట్లు వేసేవాడు, మొదలు చుట్టూ చిన్నదొకటి, దాని బయట పెద్దదొకటి. నీళ్లు ఆ రెండు గట్ల మధ్యే నిలవాలి. చెట్టు మొదలుకి నీళ్లు తగిలితే బత్తాయికి బంక తెగులు వస్తుంది, బెరడు పగిలి జిగురు కారుతుంది. అందుకని మాకు నేర్పిన మొదటి పాఠం, మొదలు మీదికి నీళ్లు చిమ్మకూడదు, గట్టు తొక్కకూడదు. ఎండు పాదులో ముందే వెళ్లి కూర్చోవాలి. మామ పారతో మడవ తిప్పుతాడు. కాలవలోంచి నీళ్లు ఎండుటాకుల్ని, చీమల్ని ముందేసుకుని వస్తాయి. ముందు కాలి వేళ్లకి తగులుతాయి, తర్వాత పిరుదుల కిందికి చేరి, నెమ్మదిగా బొడ్డు దాకా రాకముందే మామ మడవ కట్టేసి పక్క పాదుకి తిప్పేస్తాడు. నీళ్లు ఇంకేదాకా ఆ పాదు నాది. ఇంకిపోయాక బురద మిగులుతుంది, అది ఇంకాసేపు నాది.

చెట్టుకి తగ్గిందేమీ లేదు. నేను కూర్చున్నా అన్నే నీళ్లు, కూర్చోకపోయినా అన్నే నీళ్లు. పైగా పాదులో కలుపు పీకే పని కూడా మాదే. చేతులు ఊరికే ఉండవు కదా, కూర్చున్నవాళ్లం గడ్డి పీకుతూ ఉండేవాళ్లం. కూలి మిగిలిందని మామ మురిసిపోయేవాడు. ఎవరి పాదు వాళ్లకి ఏడాదికీ అదే. కాయ దిగినప్పుడు నా చెట్టు కాయలు తీపి, నీ చెట్టువి పులుపు అని కొట్లాటలు. మా తమ్ముడి చెట్టు కాయలు ఎప్పుడూ పుల్లగానే ఉండేవి. దానికి వాడి మీద వచ్చిన నింద ఏమిటో మీరు ఊహించుకోగలరు.

ఇప్పుడు అనిపిస్తుంది, పెద్దవాళ్లు మమ్మల్ని ఆడొద్దనలేదు. నీళ్లు ఎక్కడ పడాలో ముందు చూసుకున్నారు, ఆ చోట మమ్మల్ని కూర్చోబెట్టారు. అంతే తేడా.

ఆ తోట ఇప్పుడు లేదు. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన చేసినప్పుడు, శ్రీశైలం నీళ్లు నల్లమల కింద సొరంగాల్లోంచి మా పొలాలకి వస్తాయని ఊరంతా పండగ చేసుకుంది. మామ ఆ నమ్మకంతో బావి ఎండాక బోర్లు వేశాడు. ఒకదాంట్లో ఇంచి నీళ్లు, ఇంకోదాంట్లో దుమ్ము. తర్వాత వరసగా వచ్చిన కరువు ఏళ్లలో ట్యాంకర్లు కొని చెట్లకి పోశాడు. చెట్టుకి బకెట్ల లెక్కన, పాదు అంతా తడవకుండా, వేర్ల దగ్గర మాత్రమే. ఎన్నాళ్లు పోస్తాడు? చివరికి రంపం పెట్టించాడు. కొట్టించే రోజు మా తమ్ముడికి ఫోన్ చేసి, "నీ పుల్ల చెట్టు కూడా పోతోందిరా" అన్నాడట.

* * *

గుండ్లకమ్మలో ఎండాకాలం ఇసక తప్ప ఏమీ ఉండదు. ఉండదని పైన చూసేవాళ్లు అనుకుంటారు. మోకాలి లోతు తవ్వితే ఇసక రంగు మారుతుంది, ఇంకాస్త తవ్వితే అడుగున నీళ్లు ఊరతాయి. ఆ చెలమ నీళ్లు తేటగా, తియ్యగా ఉండేవి. ఆడవాళ్లు కొబ్బరి చిప్పతో తోడి, పలచటి బట్టలో వడగట్టి బిందెలు నింపుకునేవాళ్లు. తాగే చెలమ దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు. దిగువన మాకు వేరే చెలమ.

నిజానికి మాకు నీళ్లు కూడా అక్కర్లేదు, తడి ఇసక చాలు. గుంట పొడుగ్గా తవ్వి అందులో పడుకుని, మెడ దాకా తడి ఇసక కప్పించుకునేవాళ్లం. ఆ చల్లదనం ఏ ఏసీలోనూ నాకు మళ్లీ దొరకలేదు. పెద్దవాళ్లు ఎవరైనా పక్కన ఉంటేనే గుంటలో దిగాలి, నడుము లోతు దాటి తవ్వకూడదు. గట్టు కూలితే ఇసక పిల్లల్ని మింగేస్తుందని భయం. అది ఉత్త బెదిరింపు కాదు, నిజంగా ప్రమాదమే. ఇప్పుడు లారీలు తవ్వుకుపోయిన గోతుల్ని చూస్తే అక్కడ పిల్లల్ని ఆడుకోమని ఎవరంటారు?

సెలవుల్లో కంభంలో బంధువుల ఇంటికి వెళ్లేవాళ్లం. కంభం చెరువు అంటే మాకు సముద్రంతో సమానం. గుండ్లకమ్మకి అడ్డంగా కొండల మధ్య కట్ట వేసి ఐదు వందల ఏళ్ల కిందట కట్టించిన చెరువు. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. ఆ చెరువు కూడా గట్టి కరువులో అడుగు కనిపించేది. అది చూసిన రోజు మా నాయన ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు.

* * *

వానలు మరీ మొండికేస్తే కప్పతల్లిని తిప్పేవాళ్లం. ఒక కప్పని పట్టి రోకలికి వేపమండలతో కట్టి, ఇద్దరు పిల్లకాయలు చెరో కొనా భుజాన పెట్టుకుంటారు. మిగతా గుంపంతా పాట పాడుకుంటూ వెనక. ఇల్లిల్లూ తిరగాలి. ఇంటి ఇల్లాలు గడప దాటి వచ్చి కప్ప మీద చెంబుడు నీళ్లు పోసి, మాకు గింజలో బెల్లమో పెట్టాలి. రోకలి మోసేవాళ్లే ఎక్కువ తడుస్తారు కాబట్టి రోకలి కోసం కొట్లాట.

చూడండి ఎంత విచిత్రమో. బోరింగుకి తాళం, ఇంటికి బిందెల లెక్క, మూతి కడుక్కున్న నీళ్లు బంతి మొక్కకి. అలాంటి రోజుల్లో ఊరు ఊరంతా, పరమ పిసినారి ఇల్లు కూడా, పిలిచి మరీ పిల్లల నెత్తిన నీళ్లు పోసేది. ఒక ఇంట్లో మాత్రం ఒకామె చిన్న గ్లాసుతో వచ్చింది. మేమెవరం కదలలేదు. మా నాయకుడు, తొమ్మిదేళ్ల వాడు, "అత్తా, ఈ కాసిని పోస్తే కాసింతే కురుస్తుంది, తర్వాత మమ్మల్ని అనొద్దు" అన్నాడు. ఆమె లోపలికి వెళ్లి చెంబు తెచ్చింది.

కప్పకి మాత్రం పాపం ప్రాణం మీదికి వచ్చేది. చివరికి విప్పి తడిగా ఉన్న చోట వదిలేవాళ్లం. వాన పడిందా అని అడక్కండి. ఒక ఏడు పడింది, ఒక ఏడు పడలేదు. అప్పుడు పెద్దవాళ్లు శివాలయానికి పోయి, గర్భగుడిలోంచి నీళ్లు బయటికి పోయే తూము మూసి, లింగం మునిగేదాకా బిందెలు పోసేవాళ్లు. ఆ బిందెలు చేతులు మార్చే వరసలో పిల్లలమూ ఉండేవాళ్లం. శివుడు మునిగేలోపు మేం సగం తడిసేవాళ్లం.

* * *

టీచరు ఉద్యోగం వచ్చాక కనిగిరి వైపు ఒక చిన్న ఊళ్లో పని చేశాను. ఆ ఊళ్లో ముప్పై ఏళ్లవాళ్లకే పళ్ల మీద గోధుమరంగు చారలు, నడుములు వంగిన మనుషులు. లీటరు నీళ్లలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. బడి ముందున్న బోరింగు ఆ గీత ఎప్పుడో దాటింది. దానికి ఎర్ర రంగు పూసి, ఈ నీళ్లు తాగరాదని రాసి పోయారు. తాగడానికీ, వంటకీ ట్యాంకరు నీళ్లు. అది వచ్చినప్పుడు వచ్చినట్టు.

కరువు మండలాల్లో వేసవి సెలవుల్లో కూడా మధ్యాహ్న భోజనం పెట్టాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. అలా ఎండాకాలంలో నాకు డ్యూటీ పడింది. అమ్మానాన్నలు పనులకి హైదరాబాదు, బెంగళూరు పోతే ముసలివాళ్ల దగ్గర ఉన్న పిల్లలే ఎక్కువ. చంకలో పళ్లెం పెట్టుకుని పదింటికే వచ్చేసేవాళ్లు. తిన్నాక ఇంటికి పొమ్మంటే పోయేవాళ్లు కాదు. ఇల్లంటే రేకుల షెడ్డు, మధ్యాహ్నం అందులో కోడి కూడా ఉండదు. బడి ఆవరణలో ఒక వేపచెట్టు ఉంది, దాని కిందే కూర్చునేవాళ్లు. మాటా పలుకూ లేకుండా కూర్చునేవాళ్లు, అదే నాకు భయమేసింది. పిల్లలు అల్లరి మానేశారంటే వేడి తలకెక్కిందన్న మాట.

ఎర్ర బోరింగు వైపు చూశాను. తాగకూడదు సరే, ఒంటి మీద పోసుకోవచ్చా? ఆసుపత్రిలో డాక్టరమ్మని అడిగితే, చర్మం నుంచి ఏమీ కాదు, మింగకుండా చూసుకోండి చాలు అంది. వంటామె దగ్గర ఖాళీ నూనె డబ్బా ఒకటి తీసుకుని అడుగున సన్న మేకుతో చిల్లులు పొడిచాం. వేపకొమ్మకి గట్టి తాడుతో కట్టించాను. పెద్ద పిల్లలు బెంచీ ఎక్కి పోసేవాళ్లు, ఐదుగురు చొప్పున కింద నిలబడేవాళ్లు, నోరు గట్టిగా మూసుకుని. నోరు తెరిస్తే వంతు పోయినట్టే. నోరు మూసుకుని నవ్వడం ఎంత కష్టమో అప్పుడు చూశాను. ముక్కుల్లోంచి వచ్చే ఆ చప్పుళ్లకి వంటామె పప్పు కలపడం మానేసి నవ్వేది. రెండు బిందెలతో బడి మొత్తం తడిసేది. తడిసినవాళ్లు చొక్కాలు విప్పకుండా నీడలో, గాలి వచ్చే వైపు కూర్చోవాలి. చొక్కా ఆరేలోపు ఒళ్లు చల్లబడేది. డబ్బా కింద పాదు చేసి కానుగ మొక్కలు పెట్టాం.

ఒకరోజు ఒక తాత కర్ర పట్టుకుని వచ్చాడు. "ఏందమ్మా టీచరమ్మా, ఊరు గొంతెండి చస్తావుంటే నువ్వు పిల్లకాయలకి జలకాలాడిస్తావుండావా?" అన్నాడు. నేను బోరింగు చూపించి, "ఎర్ర బోరింగు నీళ్లు తాతా, తాగుతావా?" అన్నాను. కాసేపు ఆ డబ్బా వైపు చూశాడు. తలగుడ్డ విప్పి, మడిచి, చెయ్యి చాచి దాని కింద పెట్టాడు. పిండి మళ్లీ తలకి చుట్టుకున్నాడు. మర్నాటి నుంచి పదకొండింటికి రోజూ వచ్చేవాడు, పిల్లల వరస అయిపోయేదాకా ఆగి.

తలగుడ్డ తడుపుకునే తాతల వరస కూడా తర్వాత మొదలైంది. ఆ సంగతి పై అధికారులకి ఎవరూ రాయలేదు.

* * *

ఇప్పుడు ఒంగోలులో మా అమ్మాయి అపార్టుమెంటులో ఉంటున్నాను. సాగర్ కాలవ నీళ్లు చెరువుల్లో నింపుకుని ఊరికి ఇస్తారు, అవి రోజూ రావు. ఎండలు ముదిరితే ట్యాంకర్లే. మేడ మీద గాలి ఊదే ప్లాస్టిక్ టబ్బులు పెట్టకూడదని అసోసియేషను వాళ్లు లిఫ్టులో కాగితం అంటించారు. సరైన పనే. ఆ టబ్బు ఒక్కసారి నింపితే ఎన్ని బిందెలో, సాయంత్రానికి అవన్నీ మురిక్కాలవలోకే. మనవరాలిని కుండీల మధ్య నిలబెట్టి మగ్గుతో పోస్తున్నాను. ఏ కుండీ వాడిందో అదే చూసి చెబుతుంది.

పోయిన వారం దానికి కప్పతల్లి గురించి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది అని మా అమ్మాయి అంటోంది. మర్నాడు ఆదివారం, ఇంకో నలుగురిని పోగేసి, బొమ్మల డబ్బాలోంచి ప్లాస్టిక్ కప్పని తీసి చపాతీ కర్రకి హెయిర్ బ్యాండుతో కట్టి, కింది అంతస్తు నుంచి మొదలుపెట్టింది. పాట రాదు కాబట్టి బడిలో నేర్పిన ఏదో ఇంగ్లీషు రైము పాడుకుంటూ పోయారట. కొందరు తలుపు తీయలేదు. ఒకాయన చాక్లెట్ ఇచ్చి పంపాడు. మూడో అంతస్తులో పొదిలి నుంచి వచ్చిన ఒక ముసలామె మాత్రం తలుపు తీసి, చూసి, ఒక్క ముక్క అడక్కుండా లోపలికి వెళ్లి బిందెతో వచ్చింది. ఆ నీళ్లు మెట్ల మీదుగా కిందికి దిగి సెక్రటరీ గారి గుమ్మం దాకా పోయాయి.

వాట్సాప్ గ్రూపులో గొడవ ఇంకా నడుస్తోంది.